పత్తి కుప్ప దగ్గర

కరీంనగర్‌లో మందుల షాపు పైనున్న చిన్న గ్యాలరీలో అరుణ్‌కుమార్ బొమ్మల ప్రదర్శనకు అది ఆఖరి రోజు. అరుణ్‌కుమార్ పోయి ఎనిమిది నెలలైంది. ఇంట్లో బొమ్మ వేస్తూ వేస్తూనే గుండె ఆగి కూలబడిపోయాడు. ప్రదర్శన పెట్టిన రోజునుంచి అతని భార్య వనజే గ్యాలరీ తలుపు తీస్తోంది, లైట్లు వేస్తోంది, వచ్చినవాళ్లకు బొమ్మల గురించి చెబుతోంది, పొద్దుగూకాక తాళం వేస్తోంది. అతను పోయాక ఒక్కసారీ ఏడవలేదు. ఏడుపు రాలేదు మరి.

లోపలి గోడకు ఒక పెద్ద బొమ్మ ఉంది. ఆదిలాబాద్‌లో ఒక జిన్నింగ్ మిల్లు ఆవరణ, కొండంత పత్తి కుప్ప, దాని పక్కన చాయ్ గిన్నె ముందర కూర్చున్న ఆడమనిషి. ఆమెకు ముఖం లేదు. అది వేసేలోపే అతను పోయాడు. ‘అమ్మకానికి కాదు’ అని వనజే చీటీ అంటించింది.

ఆ మిల్లు యజమాని రాంచందర్ దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. దగ్గరికి వెళ్లాడు, వెనక్కి జరిగాడు, మళ్లీ దగ్గరికి వెళ్లాడు.

“దగ్గరికి పోతే ఉత్త తెల్లరంగు ముద్దలే అమ్మా. గీడికొచ్చి చూస్తే పత్తి. గా పత్తి మీద ఎండ గూడ కొడ్తున్నట్టున్నది. గిది నాకిస్తరా?”

“తీస్కపోన్రి,” అంది వనజ.

మాట నోట్లోంచి వచ్చేసింది. ఎక్కడైనా కలుక్కుమంటుందేమోనని చూసుకుంది. ఏమీ అనిపించలేదు.

ఆడపడుచు రేవతి మాత్రం ఉలిక్కిపడింది. “వదినా, అన్న ఆఖరు బొమ్మ గది. గట్లెట్ల ఇస్తవ్?”

“అడిగిండు. ఇచ్చిన.”

మర్నాడు ఇద్దరూ కలిసి బొమ్మను దించి బల్ల మీద పెట్టారు. పత్తి కుప్ప మీద రంగు మందంగా ఉన్నచోట వనజ చిటికెన వేలితో అంచున తాకింది. పై పొర గట్టిపడింది గానీ కింద మెత్తగానే ఉంది. నూనె రంగు అంత మందంగా వేస్తే లోపలిదాకా ఆరడానికి ఏడాది పైనే పడుతుంది.

“ఇంకా పచ్చిగనే ఉన్నదా?” అంటూ వంగి చూసిన రేవతి, చూస్తూనే వెక్కి వెక్కి ఏడ్చింది. వనజ ఆమె భుజం పట్టి పక్కకు జరిపింది.

“బొమ్మ మీద నీళ్లు పడ్తయ్. జర అవతల కూసో.”

పచ్చిరంగుకు కాగితం తగిలినా, బుడగల కవరు తగిలినా అచ్చు పడుతుంది. అందుకని వడ్రంగి చేత లోతైన చెక్కపెట్టె చేయించింది. ముందువైపు దేనికీ ఆనకుండా ఫ్రేమును పట్టీలతో పెట్టె వెనక పలకకు బిగించింది. అదురుకు రంగు పగులుతుందని మేకులు కొట్టనివ్వలేదు, అన్నీ స్క్రూలే. తేమ పీల్చే పొట్లాలు వేసి మూత పెట్టింది. వ్యానులో పెట్టెను నిలువుగా కట్టించి, డ్రైవర్ పక్కన తానే కూర్చుంది.

ఆదిలాబాద్‌లో రాంచందర్ ఇల్లు మిల్లు వెనకే. ఎండ పడని గోడ చూసి వనజ బొమ్మ తగిలించింది, వంకర లేకుండా సరిచేసింది. మిల్లులో పనిచేసే ఆడవాళ్లు చూడటానికి వచ్చారు. వాళ్లలోంచి, మిల్లులో చాయ్ పోసే భూమవ్వ ముందుకొచ్చి నిలబడింది.

“గిది నేనే.”

“ముఖమే లేకపాయె గదనే,” అంది పక్కనున్నామె నవ్వుతూ.

“ముఖమెందుకు? గా కూసునుడు నాది. మోకాలు నొస్తదని ఒక కాలు లేపి కూసుంట.” భూమవ్వ వనజ వైపు తిరిగింది. “ఇంకోసారొచ్చి నీ ముఖమేస్త అన్నడు బిడ్డా సారు. మల్ల రానేలేదు. మంచిగున్నడా?”

ఆ మాట వనజకు ఇంతవరకూ ఎవరికీ తన నోటితో చెప్పవలసి రాలేదు. అందరికీ ముందే తెలిసిపోయింది.

“పోయిండవ్వా,” అంది వనజ. “నేను ఆయన భార్యను.”

భూమవ్వ అక్కడే నేల మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వనజ ఆమె పక్కన కూర్చుంది. భూమవ్వ చేయి తన చేతిలోకి తీసుకుంది. అది గరుకుగా, వేడిగా ఉంది. కాసేపు అట్లాగే పట్టుకుంది. తన కళ్లు మాత్రం పొడిగానే ఉన్నాయి.

భూమవ్వ ముఖం తుడుచుకుంది. “పొద్దుగాల ఏమన్న తిన్నవా బిడ్డా?”

వనజ గుర్తు తెచ్చుకోవాలని చూసింది. గుర్తు రాలేదు.

భూమవ్వ ఆమెను లేపి మిల్లు వసారాలోకి తీసుకుపోయి తన సద్దిగిన్నె మూత తీసింది. జొన్నరొట్టెలు, శనగపిండి ఉడికించి చేసిన పిట్ల కూర. వనజ మెల్లగా తుంచుకుంటూ ఒక రొట్టె మొత్తం తింది.

“ఇంకోటి ఎయ్యాల్నా?”

“ఎయ్యవ్వా,” అంది వనజ.