ఎక్కిందంటే సరిపోయినట్టే

నేను ఒక ఆయిల్ ఫిల్టర్‌ని. అరచేతిలో ఇమిడే ఇనప డబ్బా. కడుపులో మడతలు మడతలుగా కాగితం, అడుగున స్ప్రింగు, దాని మీద చిన్న మూత. ఇంజన్లో తిరిగే నూనె నా కాగితం గుండా పోవాలి. మురికి నా దగ్గర ఆగాలి. కాగితం మూసుకుపోతే స్ప్రింగు వెనక్కి జరిగి మూత తెరవాలి. మురికి నూనెయినా సరే, ముందుకు అందాలి. నూనె ఒత్తిడి పడిపోయిన ఇంజన్లో ఇనుము ఇనుమును తింటుంది.

నన్ను ఒక చిన్న కారు కోసం చేశారు. అందులో నేను నోరు పైకి పెట్టుకుని వేలాడాలి. అలా ఉంటే బండి ఆపినా నూనె నాలోనే నిలుస్తుంది. అందుకని నూనె వెనక్కి జారకుండా ఆపే రబ్బరు పొర నాకు పెట్టలేదు. అవసరం లేనిది పెట్టకపోవడం తప్పేం కాదు. కానీ ఆ చిన్న కారు ముఖం నేను చూడనే లేదు.

పాడేరులో సోమేశు మెకానిక్ షెడ్డు. దసరా ముందు షెడ్డు నిండా బళ్లు. వాటి మధ్య అతని బావ పైడిరాజు పాత డీజిల్ కారు. అది కిరాయికి తిప్పే సవారీ బండే అయినా, ముఖ్యంగా గౌరి బండి. గౌరి పైడిరాజు భార్య, సోమేశుకి అక్క. ఆమె కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు ఘాటు రోడ్డు దిగి విశాఖ వెళ్లి రక్తం శుద్ధి చేయించుకోవాలి. బస్సులో ఆ ప్రయాణం ఆమె ఒళ్లు తట్టుకోదు. ప్రతిసారీ వేరే బండి మాట్లాడే డబ్బు లేదు.

ఆ కారుకి వేయాల్సిన ఫిల్టరు దొరకలేదు. సోమేశు నన్ను తీసి ఇంజన్ మర మీద తిప్పాడు. ఎక్కేశాను.

“ఒరే, ఇది బుడ్డిగా ఉందేటి?” అన్నాడు పైడిరాజు.

“థ్రెడ్డు కలిసింది కదా బావా. ఎక్కిందంటే సరిపోయినట్టే. నీకు మా అక్క సరిపోలేదేటి?”

మనుషులకు అదో ధీమా. మర బిగిస్తే బంధం కుదిరినట్టే.

ఈ ఇంజన్లో నన్ను తలకిందులుగా బిగించారు. బండి ఆపగానే నాలో నూనెంతా కిందికి జారిపోయేది. పొద్దున్న తాళం తిప్పితే నేను మళ్లీ నిండేదాకా పైన ఇనుము ఎండుగా తిరిగేది. టకటకమని చప్పుడు.

“లెగ్గానే దగ్గుతందిరా ఇది,” అన్నాడు పైడిరాజు.

“మన్యం చలి బావా. నువ్వు దగ్గవేటి?”

పైగా పెద్ద ఇంజన్ నూనెకి నా చిన్న కాగితం చాలలేదు. నా స్ప్రింగు ఈ బండికి మరీ బిర్రు. కాగితం మూసుకుపోతున్నా మూత తెరుచుకోలేదు. నాకు ఇవతల ఒత్తిడి, అవతల కరువు.

ఒత్తిడి తగ్గితే మీటరు అద్దంలో ఎర్ర దీపం వెలుగుతుంది. వెలిగింది కూడా. పైడిరాజుకి కనబడలేదు. దసరా పూజనాడు గౌరి స్టీరింగుకీ మీటరు అద్దానికీ గంధం మెత్తి కుంకుమ పెట్టింది. అందులో ఒక బొట్టు సరిగ్గా ఆ దీపం మీద పడి ఎండిపోయింది.

పండగ వెళ్లాక ఒక రోజు విశాఖ వెళ్తూ ఘాటు ముందరి ఎత్తు ఎక్కుతున్నాం. గౌరి కాళ్లు వాచి ఉన్నాయి, ఊపిరి బరువుగా తీస్తోంది. కొండ నీడలోకి రాగానే ఆమె ముందుకు వంగింది.

“మావా, ఆ బొట్టు మండుతంది.”

“కుంకం మండడమేటి? పడుకో నువ్వు.”

“అంచు సూడు. ఎర్రగా ఎలుగుతంది.”

అతను చూశాడు. చెయ్యి లేపి, మళ్లీ దించేశాడు. “పూజబొట్టే. సెరపకూడదు. నీ ఒంట్లో ఇలాగున్నప్పుడు…”

“పెట్టింది నేను,” అంది గౌరి. గోటితో గీకేసింది.

పైడిరాజు ఇంజన్ ఆపేశాడు. అప్పటికే లోపల ఏదో కొట్టుకోవడం మొదలైంది.

కాఫీ గింజల లారీ ఒకటి గౌరిని కిందికి తీసుకెళ్లింది. బండిని షెడ్డుకి లాక్కొచ్చారు. సోమేశు ఎక్కడో వెతికి అసలు ఫిల్టరు తెచ్చి వేశాడు. దీపం ఆరింది. లోపల కొట్టుకోవడం ఆగలేదు.

గౌరి తిరిగొచ్చాక, ఆమె ఎదుటే సోమేశు నన్ను రంపంతో కోశాడు. కాగితాన్ని ఎండలోకి విప్పి పట్టుకున్నాడు. నా మడతల నిండా సన్నటి తళతళ.

“ఏట్రా, మెరుస్తంది?”

“ఏం లేదక్కా. తుక్కు.”

“డాక్టరు నాకు దాచకండా సెప్తాడు. నువ్వూ అలగే సెప్పు.”

సోమేశు తల దించుకున్నాడు. “ఇంజన్ బేరింగుల పొడి అక్కా. అవి అరిగిపోనాయి. తప్పు నాదే. మార్చాలంటే బండి మొత్తం ఇప్పాలి. అన్నాళ్లు నువ్వు…”

మిగతాది చెప్పకపోయినా అందరికీ తెలుసు. బండి విప్పితే గౌరికి దారి లేదు. విప్పకపోతే ఏ మలుపులో ఆగిపోతుందో తెలియదు.

“రేపటికి ఎల్తాదా?” అని అడిగింది గౌరి.

“మెల్లగా ఎల్తే.”

ఆమె భర్త వైపు తిరిగింది. “అయితే మెల్లగా ఎల్దాం మావా.”

ఇప్పుడు నేను షెడ్డు వెనక తుక్కులో రెండు ముక్కలుగా పడి ఉన్నాను. గౌరి విశాఖ వెళ్లే రోజుల్లో పొద్దున్నే ఆ కారు ఇటునుంచే వెళ్తుంది. సోమేశు చేతిలో పని ఆపి రోడ్డు మీదికి వచ్చి నిలబడతాడు. ఆ చప్పుడు మలుపు దాటేదాకా వింటాడు. సాయంత్రం అది మళ్లీ వినబడేదాకా ఎవరితోనూ సరిగా మాట్లాడడు.