పన్నెండో గది నేల

వాసనల పరిశోధన కేంద్రంలో పన్నెండో గదికి నేల లేదు. యాదమ్మ నాలుగేళ్లుగా ఆ గదిలో గాలి మీద నిలబడి పని చేస్తోంది. ఉదయం తొమ్మిదింటికి వచ్చి, గడప ఇవతల చెప్పులు విప్పి, కాలు చాపి గాలి గట్టిగా ఉందో లేదో చూసుకుని లోపలికి వెళుతుంది. రెండంతస్తుల కింద సైకిళ్ల షెడ్డు కప్పు కనిపిస్తూ ఉంటుంది.

ఈ రోజు కేంద్రానికి మూల్యాంకనం. అందుకోసం వచ్చిన ప్రొఫెసర్ సుగుణరత్నానికి డెబ్బై మూడేళ్లు. ఐదేళ్ల కిందట ఈ కేంద్రానికి ప్రణాళిక రాసింది కూడా ఆమే. రాసినవారే వచ్చి విలువ కట్టాలన్నది ఇక్కడి నియమం. తప్పు ఎవరిదైతే దానిని చూసే మొదటి హక్కు వారిదే. కేంద్రాన్ని కూడా ఆమె రాసింది రాసినట్టే కట్టారు. ఆమె వాక్యం ముగించడం మరిచిన చోట మెట్లు మధ్యలో ఆగిపోయాయి. ‘తగినంత వెలుతురు’ అని రాసిన చోట కిటికీ, వచ్చే మనిషిని బట్టి, పెద్దదీ చిన్నదీ అవుతోంది.

గేటు దగ్గర మడతపెట్టేవాళ్లు ఇద్దరు తాడు పక్కన పెట్టుకుని టీ తాగుతున్నారు. నూటికి యాభై మార్కులు రాకపోతే, సాయంత్రం ఐదింటికి వాళ్లు కేంద్రాన్ని దుప్పటిలా మడిచి తీసుకుపోతారు. “నిదానంగా చూడండమ్మా, తొందరేం లేదు. ఐదులోపు తేలిస్తే చాలు,” అంటాడు పెద్దవాడు, మర్యాదగానే.

డైరెక్టర్ నాగభూషణం ఆమెకు పదకొండు గదులూ చూపిస్తాడు. ఒక్కో గదిలో ఒక్కో శాస్త్రవేత్త. ఒక్కో అరలో వరసగా అగ్గిపెట్టెలంత యంత్రపు ముక్కులు. ఆమె లోపలికి రాగానే అవన్నీ ఒకేసారి ఆమె వైపు తిరుగుతాయి. ఒకటి ఆమె పొద్దున తిన్న ఉప్మాలోని కరివేపాకును గుర్తిస్తుంది. ఇంకొకటి కాసేపు ఆలోచించి, ఆమె వేళ్లకు అంటుకున్న బడి సుద్దను, కాన్వెంటులో ఆరో తరగతి నాటిది, పేరు పెట్టి చెబుతుంది. సుగుణరత్నం ఇంతటి పనితనాన్ని చూసి చాలా కాలమైంది. ఆ మాట దాచుకోకుండా పదకొండు మందితోనూ అంటుంది.

మురుగు కాలువల్లోకి దిగే పనివాళ్ల భుజాల మీద ఈ ముక్కులు కూర్చుంటాయని, విషవాయువు తగలగానే అరుస్తాయని నాగభూషణం చెబుతాడు. వీటితో నిరుడు నలభై మంది దిగారు. నలభై మందీ పైకి వచ్చారు.

ఆమె మూల్యాంకన పత్రం తెరుస్తుంది. ప్రచురించిన వ్యాసాలకు ఒక గడి ఉంది, పేటెంట్లకు ఒకటి, డిగ్రీలకు ఒకటి. ఎలా కూడినా నలభై తొమ్మిదే వస్తోంది. ఆ అంకె వేయగానే భవనం ఈశాన్య మూల, పుస్తకం పుటలా, కొంచెం పైకి లేస్తుంది.

“పైకి వచ్చిన మనుషులకు గడి లేదా?” అని అడుగుతుంది.

“మీ ప్రణాళికలో లేదు, మేడమ్,” అంటాడు నాగభూషణం.

పన్నెండో గది దగ్గర ఆగనక్కర్లేదని, అక్కడ చూడడానికి నేల కూడా లేదని అతను అంటాడు. కానీ చిన్నప్పుడు కాన్వెంటు సిస్టర్లు ఆమెకు అక్షరాల కంటే ముందు నేర్పింది గది మూలలు వదలకుండా చూడడం. ఆమె గడప దగ్గర ఆగుతుంది.

యాదమ్మ ఒక సీసా మూత తీసి వాసన చూస్తోంది. పక్కనే ఒక యంత్రపు ముక్కు, తరగతిలో పిల్లలా, ఆమె ముఖాన్నే గమనిస్తోంది. ఏం నేర్పుతున్నారని సుగుణరత్నం అడుగుతుంది.

“కుళ్లిన గుడ్డు వాసనొస్తున్నంత సేపు యాళ్ల ఉన్నట్టేనమ్మా, పైకెక్కొచ్చు. ఆ వాసన ఉన్నట్టుండి బందైతది. అప్పుడింక పైకెక్కే యాళ్ల లేదు. మా ఆయన మోరీ లోపట్నుంచి, ‘వాసన పోయింది, ఇప్పుడు మంచిగనే ఉన్నది’ అని కేకేసిండు. నేను మూత కాడ నిలబడి ఇన్న. గదే ఆయన ఆఖరి మాట.” సీసా మూత పెడుతుంది. “వాసన పోయినప్పుడు అరవాలెనని దీనికి నేర్పుతున్న.”

నాగభూషణం తల వంచుకుంటాడు. మొదట యంత్రాలు ఆ క్షణాన్నే క్షేమమని లెక్కించేవని, తమ పదకొండు మందికీ ఆ సంగతి తట్టలేదని ఒప్పుకుంటాడు.

సుగుణరత్నం ప్రణాళిక తెప్పిస్తుంది. ముప్ఫై ఏడో పేజీలో తన నిటారు అక్షరాలు: ‘వాసన చూసేవారు: స్థానికంగా సమకూర్చుకోవాలి.’ పేరు లేదు. హోదా లేదు. కనుక కట్టినవాళ్లు నేల వేయలేదు. వాళ్ల తప్పేమీ లేదు.

“నాలుగేళ్లు ఇలా నిలబడడం కష్టం కాలేదా మీకు?”

“నిలబడుడు కాదమ్మా, కూసునుడే కష్టం,” అంటుంది యాదమ్మ.

తప్పును రబ్బరుతో చెరపడం సుగుణరత్నానికి ఏ వయసులోనూ అలవాటు లేదు. దాని మీద ఒక్క గీత గీసి, అంచులో ఒప్పు రాసి, కింద పూర్తి పేరు పెట్టాలి. ఆమె అలాగే రాస్తుంది: ‘పరిశోధకురాలు, బండి యాదమ్మ.’ మంజూరైన నేల అంతా ఎప్పుడో అయిపోయిందని, ఇప్పుడు వేయాలంటే ఎవరో ఒకరిది తీయాలని నాగభూషణం మెల్లగా చెబుతాడు.

“నాది తీయండి.”

ఆమె కాళ్ల కింది పలకలు ఒక్కొక్కటే లేచి, వరస తప్పకుండా గడప దాటి, పన్నెండో గదిలో సర్దుకుంటాయి. సుగుణరత్నం గాలి మీద మిగులుతుంది. ఈ గాలి మీద నాలుగేళ్లు ఎంత నేర్పుగా నిలబడాలో ఆమె పిక్కలకు వెంటనే తెలుస్తుంది. అలాగే నిలబడి పత్రంలో కొత్త గడి గీసి, ‘పైకి వచ్చినవారు: నలభై’ అని రాసి, మళ్లీ కూడుతుంది. ఎనభై తొమ్మిది. భవనం మూల కిందికి దిగి అతుక్కుంటుంది.

ఐదింటికి మడతపెట్టేవాళ్లు తాడు చుట్టుకుని, నమస్కారం పెట్టి వెళ్లిపోతారు.

యాదమ్మ చెప్పులు వేసుకుని తన గదిలో నడుస్తుంది. ఆ గదిలో అడుగుల చప్పుడు వినిపించడం ఇదే మొదలు. ఒక స్టూలు లాక్కుని కూర్చుంటుంది. పదకొండు గదుల్లోని ముక్కులన్నీ కిటికీల వైపు తిరుగుతాయి.

నగరమంతటా మ్యాన్‌హోల్ మూతలు ఒక్కొక్కటే జరుగుతాయి. ఎన్నడో దిగి తిరిగి రాని మనుషులు ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని, పొడిగా పైకి వచ్చి, వరసగా నడిచి, ఆగిపోయిన మెట్ల మీదుగా కూడా ఎక్కి, పన్నెండో గది ముందు చెప్పులు విప్పుతారు. ముప్ఫై ఏడో పేజీ అంచు వెడల్పవుతూ గుమ్మం దాటి, మెట్లు దిగి, రోడ్డు మీద పరుచుకుంటూ పోతోంది. సుగుణరత్నం కలం మూత తీసి, మొదటి మనిషిని పూర్తి పేరు చెప్పమంటుంది.

“బండి మల్లయ్య,” అంటాడతను.

యాదమ్మ స్టూలు మీద కొంచెం జరిగి అతనికి చోటిస్తుంది.