షట్టరు కింద కుర్చీ

ఆ గదిని కారు కోసం కట్టారు. షట్టరు మాత్రం కొట్టు కోసం పెట్టారు. పర్చూరులో రోడ్డు మీద ఇల్లు కట్టేవాడెవడూ కింది గదికి మామూలు తలుపులు పెట్టడు. ఎప్పటికైనా ఒక ఎరువుల కొట్టువాడు అద్దెకు రాకపోతాడా అన్న ఆశ ప్రతివాడికీ ఉంటుంది. అంకమ్మరావుకూ ఉంది. మిరపకాయకు మంచి ధర పలికిన ఏడు ఇల్లు కట్టాడు, కారు కొన్నాడు, కూలగొడుతున్న ఒక పత్తి జిన్నింగు మిల్లు గోడౌను నుంచి పాత షట్టరు తెచ్చి బిగించాడు. అంత మందం రేకు ఈ రోజుల్లో ఎవడూ వెయ్యడం లేదని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పేవాడు.

ఆ మందమే ఇప్పుడు అతని భార్య కోటేశ్వరికి కంటి మీద కునుకు లేకుండా చేస్తోంది.

పత్తి తీతల రోజుల్లో ఒక పొద్దున, పైన షట్టరు చుట్టలో ఉండే స్ప్రింగు పెద్ద చప్పుడుతో తెగింది. ఆనాటి నుంచి షట్టరు తనంతట తాను పైన నిలబడదు. ఎత్తి వదిలితే ఉన్న బరువంతా కిందికి వస్తుంది. అంకమ్మరావు కూలీల చేత దాన్ని పైకెత్తించి, ఒక చివర సరుగుడు గడ ఆనించాడు. రాత్రుళ్ళు దించడం మానేసి, ముందున్న గేటుకు తాళం వేయడం మొదలుపెట్టాడు. కారు ఆ గడ పక్క నుంచే వచ్చేది, పోయేది. ఒకసారి కారు అద్దం గడకు రాసుకుంది. గడ కదిలి, కిర్రుమని, మళ్ళీ కుదురుకుంది. అంకమ్మరావు కారు దిగి అద్దం మీద గీత పడిందేమోనని తుడిచి చూసుకున్నాడు.

ఆ షట్టరుకు సరిగ్గా కింద అతని తల్లి హనుమాయమ్మ కుర్చీ ఉంటుంది.

గది లోపల కారు పోను మిగిలిందంతా మిరపకాయల బస్తాలు. గంటసేపు కూర్చుంటే ఘాటుకు ముక్కూ గొంతూ మండిపోతాయి. బయట ఎండ. నీడా, గాలీ రెండూ ఉండేది ఆ గుమ్మం గీత మీదే. పొద్దెక్కి గుమ్మంలో ఎండ తప్పుకోగానే ఆమె ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి అక్కడ వేసుకుంటుంది. ఒళ్ళో చేట పెట్టుకుని మిరపకాయలకు తొడిమలు తీస్తూ, రోడ్డున పోయే ప్రతి మనిషినీ ఆపి ఎక్కడికి పోతున్నాడో, ఎందుకు పోతున్నాడో రాబడుతుంది.

"అత్తయ్యా, కాస్త లోపలికి జరగండి."

"లోపల ఘాటు."

"పోనీ బయటికి జరగండి."

"బయట ఎండ."

"నెత్తి మీద షట్టరుందండీ!"

"నెత్తి మీద ఏదో ఒకటి లేనిదెవరికే? నీకు నేను లేనూ?" అనేది హనుమాయమ్మ, తన మాటకు తనే నవ్వుకుంటూ. "గడ పెట్టింది నా కొడుకు. ఆ మాత్రం వాడికి తెలీదా?"

కోటేశ్వరి కుర్చీని తనే లోపలికి లాగి పెట్టేది. వంటింట్లోకి వెళ్ళి వచ్చేసరికి అది మళ్ళీ గీత మీద ఉండేది.

ఆమె ఎందుకు కదలదో కోటేశ్వరికి తెలుసు. ఇంట్లో హనుమాయమ్మ మాట అడిగేవాళ్ళు లేరు. ఏ పొలంలో ఏం వెయ్యాలో కొడుకు చూసుకుంటాడు, ఏ పూట ఏం వండాలో కోడలు చూసుకుంటుంది. ఆ గీత మీద కూర్చుంటే మాత్రం ఊరంతా ఆమెకు సంజాయిషీ చెప్పి ముందుకు కదులుతుంది. అది వదులుకోమనడం కుర్చీ జరపమన్నంత తేలిక కాదు. ఇదంతా అర్థమయినందుకు కోటేశ్వరికి విసుగు తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. అర్థం కాని మొండితనాన్ని కనీసం తిట్టుకోవచ్చు.

భర్త సంగతి వేరు. చీరాల నుంచి షట్టర్లు బాగుచేసే సిలార్ వచ్చి చూసి, స్ప్రింగు మార్చాలనీ, అందాకా కింద ఎవరినీ ఉండనివ్వొద్దనీ చెప్పాడు. అంకమ్మరావు అతనికి టీ ఇప్పించి పంపేశాడు.

"మూఢం వచ్చిందిగా. వెళ్ళాక చూద్దాం."

"మూఢంలో పెళ్ళిళ్ళు చెయ్యరు, గృహప్రవేశాలు చెయ్యరు. రిపేర్లు చెయ్యకూడదని ఎవరు చెప్పారండీ?"

"తూర్పు ముఖం అది. తూర్పు ద్వారం విప్పి మళ్ళీ బిగించడమంటే కొత్తది పెట్టినట్టే లెక్క."

"మరి పోయినవారం కారుకి టైర్లు కొత్తవి వేయించారు?"

"టైర్లకి దిక్కేముందే? తిరుగుతానే ఉంటాయి."

ఏం చెయ్యాలో తెలియక కోటేశ్వరికి నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి, తను గెలిచాననుకుని అతను పొలానికి వెళ్ళిపోయాడు. మూఢం సాకని ఆమెకు తెలుసు. సిలార్ వచ్చి స్ప్రింగు విప్పితే, ఊరందరికీ గొప్పగా చెప్పుకున్న రేకు తన ఇంటి గోడకు మించిన బరువని బయటపడుతుంది. అది చూడటం ఇష్టం లేక అతను అసలు పైకే చూడటం మానేశాడు. రోజూ దాని కిందుగా తల వంచుకుని నడుస్తాడు. తల ఎందుకు వంచుతున్నాడో మాత్రం తనను తాను అడగడు.

ఇద్దరూ భయపడితే ఒకరికొకరు ధైర్యం చెప్పుకోవచ్చు. ఇంట్లో ఒక్కరే భయపడుతుంటే ఆ భయానికి సాక్ష్యం ఉండదు. అది కొన్నాళ్ళకు చిరాకవుతుంది, ఆపైన సణుగుడవుతుంది, చివరికి ఆ మనిషి స్వభావమే అంతని అందరూ తేల్చేస్తారు. "కోటేశ్వరికి అన్నీ అనుమానాలే" అని హనుమాయమ్మ రోడ్డున పోయేవాళ్ళకు చెప్పడం వంటింట్లోకి వినిపించేది. గిన్నె కిందపడినా కోటేశ్వరి గుమ్మం దాకా పరుగెత్తేది. అత్తగారు క్షేమంగా తొడిమలు తీస్తూ కనిపించేది. ఆ క్షణంలో కలిగేది ఊరట ఒక్కటే కాదు. దాని అడుగున ఇంకేదో సన్నగా తగిలేది. షట్టరు పడినట్టు ఆమె మనసులో ఎన్నోసార్లు ఊహించుకుంది. ప్రతిసారీ ఆ ఊహలో, చప్పుడు ఆగగానే మొదట వినిపించేది తన గొంతే: "నే చెప్పలా?"

షట్టరు కన్నా ఆ మాటకే ఆమె ఎక్కువ భయపడేది.

ఆ రోజు వీధి చివరి యలమంద పోయాడు. పొగాకు బేరాలు చేసిన పెద్దమనిషి. సాయంత్రం దహనానికి తీసుకెళుతున్నారు. అంకమ్మరావు మధ్యాహ్నమే అక్కడికి వెళ్ళాడు. ఆ రోడ్డులో ఒక పద్ధతి ఉంది. శవం దాటుతున్నప్పుడు కొట్లవాళ్ళు షట్టరు సగానికి దించుతారు, దాటాక ఎత్తుతారు. పోయినవాడి ముందు బేరం ఆపడం అన్నమాట. మామూలు ఇళ్ళవాళ్ళు తలుపు దగ్గరగా వేసుకుంటే చాలు.

డప్పులు వినిపించగానే హనుమాయమ్మ చేట పక్కన పెట్టింది.

"కోటేశ్వరీ! షట్టరు సగం దించవే, యలమంద వస్తన్నాడు."

కోటేశ్వరి చేతులు తుడుచుకుంటూ ఇంట్లోంచి గదిలోకి వచ్చి, వెనక తలుపు దగ్గరగా వేసింది. "మనది కొట్టు కాదుగా అత్తయ్యా."

"షట్టరుందిగా! ఎదురుగా వాళ్ళంతా దించి మనం బార్లా తెరిచి పెట్టుకుంటే ఏం బాగుంటది? బతికున్నన్నాళ్ళూ ఇక్కడ ఆగి నన్ను పలకరించకుండా పోలా ఆయన."

"ఈ షట్టరుకి సగం లేదండీ. దిగితే మొత్తం దిగుద్ది."

"నీకు చాతకాకపోతే చెప్పు, నేను దించుతా."

ముసలామె నిజంగానే లేచింది. గోడకు ఆనించి ఉన్న కొక్కెం కడ్డీ అందుకుంది. రెండడుగులు వేసి, అదే గీత మీద నిలబడి, తలెత్తి, కొక్కేన్ని షట్టరు అంచుకు తగిలించబోయింది. సరుగుడు గడ పక్కన ఆమె చీర కుచ్చిళ్ళు ఊగుతున్నాయి.

"అత్తయ్యా!" కోటేశ్వరి అరిచింది. తరువాత గొంతు తగ్గించి, పిల్లలకు చెప్పినట్టు చెప్పింది. "నేను దించుతా. మీరు లోపలికి రండి. శవం వస్తుంటే గడపలో ఉండొచ్చా?"

హనుమాయమ్మ ఒక్క క్షణం ఆలోచించి, కడ్డీ కోడలి చేతికిచ్చి, కారు పక్కగా బస్తాల వైపు నడిచింది. ప్రాణం పోతుందని బతిమాలితే జరగని మనిషి, పోయినవాడి మర్యాద కోసం మారుమాట లేకుండా జరిగింది. ఇన్నాళ్ళూ తను వెతుక్కున్న మాట ఇంత చిన్నదా అని కోటేశ్వరికి ఒళ్ళు మండింది.

బయట గేటు వేసి ఉంది. గుమ్మంలో ఎవరూ లేరు. గీత మీద కుర్చీ ఒక్కటే ఉంది. దాన్ని తియ్యాలంటే తను షట్టరు కిందికి వెళ్ళాలి. ఆమె వెళ్ళలేదు. లోపలే దూరంగా నిలబడి, కొక్కేన్ని గడ నడుముకు తగిలించి, రెండు చేతులతో గట్టిగా లాగింది.

చప్పుడు చెవులతో కాక పాదాలతో విన్నట్టు అనిపించింది. గది ఒక్కసారి చీకటయింది. మిరపకాయల దుమ్ము లేచింది. అత్తాకోడళ్ళిద్దరూ కళ్ళు మూసుకుని, బస్తాలు పట్టుకుని దగ్గారు. బయట డప్పులు ఆగిపోయాయి.

దగ్గు తెరిపి ఇచ్చాక హనుమాయమ్మ అడిగింది. "ఎన్నాళ్ళ నించి అనుకుంటన్నావే?"

"ఏందండీ?"

"ఇది పడాలని."

కోటేశ్వరి ఘాటుకు కారుతున్న కళ్ళు తుడుచుకుంది.

"నేను కింద ఉన్నప్పుడా, లేనప్పుడా?"

చీకట్లో ముఖాలు కనిపించడం లేదు. అబద్ధం చెప్పడానికీ, నిజం చెప్పడానికీ అదే వీలు.

"పడాలని అనుకోలేదండీ. పడుద్దని అనుకున్నా. అనుకోగా అనుకోగా, ఏది ఏదో నాకే తెలీకుండా పోయింది."

హనుమాయమ్మ చీర కొంగుతో ముక్కు తుడుచుకున్న శబ్దం వినిపించింది.

"మా అత్త బావిగట్టు మీద కూర్చుని పళ్ళు తోముకునేది," అంది. "నాకూ అట్టాగే ఉండేది."

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఘాటుకు అది మళ్ళీ దగ్గయింది. అప్పుడే బయట గేటు దబాలున తెరుచుకుంది. పరుగెత్తే కాళ్ళు. షట్టరు మీద అరచేతుల దెబ్బలు.

"అమ్మా!"

అంకమ్మరావు గొంతే. ఆ గొంతు కోటేశ్వరి ఇంతకుముందెన్నడూ వినలేదు.

"ఒరేయ్, పట్టండ్రా! కింద మా అమ్మ ఉందిరా! కుర్చీ చూడండ్రా, నుజ్జయిందిరా! అమ్మా! కోటేశ్వరీ!"

నలుగురైదుగురు చేరి షట్టరు ఎత్తడానికి పెనుగులాడుతున్నారు. రేకు కదలడం లేదు. అతను ఏడుస్తున్నాడు. ఎవరో ఓదార్చబోతే విదిలించుకున్నాడు. ఇంత దగ్గరగా, ఇంత నిజంగా, ఆ ఇంట్లో ఇంకొక మనిషి భయపడటం కోటేశ్వరికి వినిపిస్తోంది. ఆమె భుజాలు వాటంతట అవే కిందికి దిగాయి. ఎప్పటి నుంచి వాటిని బిగబట్టి ఉంచిందో ఆమెకే గుర్తులేదు.

"పలకవే," అంది హనుమాయమ్మ, కోడలి మోచేయి పొడుస్తూ. "వాడి గుండె ఆగేట్టుంది."

"పలుకుతానత్తయ్యా."

కోటేశ్వరి పక్కనున్న బస్తా మీద కూర్చుంది.

"ఒక్క క్షణం. ఆయన్ని కూడా కాస్త భయపడనీండి."