మర్యాద తెలిసిన ప్రోగ్రాం

ఇండోనేసియాలోని మా జోగ్జా ఇంజనీరింగ్ కాలేజీలో ప్రోగ్రామింగ్ అర్థం కాని విద్యార్థి ఒక్కడూ లేడు. నమ్మకపోతే వచ్చి అడగండి. నేను మూడో సంవత్సరం చదువుతూ మొదటి సంవత్సరం వాళ్లకు ల్యాబ్‌లో సాయం చేస్తుంటాను. పాఠం అయ్యాక "అర్థమైందా?" అంటాను. నలభై మందీ ఒకే గొంతుతో "అయింది రత్రి అక్కా!" అంటారు. పది నిమిషాల్లో నలభై తెరల మీదా ఎర్ర అక్షరాలు. అర్థం కాలేదంటే చెప్పినవాళ్లను తప్పుపట్టినట్టు అవుతుందని మా జావా దీవి వాళ్ల మొహమాటం. కంప్యూటర్‌కు ఆ మొహమాటం లేదు, తప్పుంటే మొహం మీదే చెప్పేస్తుంది. అందుకే పిల్లలకు అదంటే హడల్.

అందరిలోకీ మర్యాదస్తుడు సేనో. కెమికల్ ఇంజనీరింగ్. కుర్చీకి కాలు తగిలినా కుర్చీకి క్షమాపణ చెప్పుకునే రకం. ఈసారి ప్రతివాళ్లూ తమ ఇంట్లో పనికొచ్చే ప్రోగ్రాం ఒకటి రాయాలి. దాన్ని నేను చూసి కాగితం మీద సంతకం పెట్టాలి. సంతకం లేకపోతే పరీక్ష లేదు.

సేనో వాళ్లమ్మ బు సుమినీ (పెద్దావిడల పేరు ముందు 'బు' అనడం మా మర్యాద) కూరల్లోకి వాడే టెంపే చేస్తుంది. ఉడికించిన సోయా గింజలకు పాలకు తోడు వేసినట్టు బూజు తోడు కలిపి, అరటాకుల్లో పొట్లాలు కట్టి రెండు రోజులు మగ్గబెడుతుంది. రెండో రోజు పొట్లాలు వాటంతటవే వేడెక్కుతాయి. వేడి మితిమీరితే నల్లబడి కంపు కొడతాయి. అందుకని ఆ రోజంతా ఆవిడ గడప దాటదు, గంటకోసారి పొట్లాల మీద చెయ్యి పెట్టి చూసుకుంటుంది. ఇప్పుడు ఎదురింట్లో సోమవారం పెళ్లి వచ్చింది. ముందురోజు ఆదివారమే వీధిలోని ఆడవాళ్లంతా అక్కడికి వంటకు వెళ్లాలి. వెళ్లనివాళ్ల గురించి ఏడాదంతా చెప్పుకుంటారు. ఆ పెళ్లికి కావలసిన రెండు వందల పొట్లాలూ అదే ఆదివారం ఈవిడ ఇంట్లో వేడెక్కుతూ ఉంటాయి.

సేనో ప్రోగ్రాం దీనికే. పొట్లాల మధ్య థర్మామీటర్ వైరు పెడితే వేడి ఎంతో ఫోన్‌లో కనిపిస్తుంది, మించితే ఫోన్ మోగుతుంది. నాకు చూపించినప్పుడు ఒక్క ఎర్ర అక్షరం లేదు. మురిసిపోయి సంతకం పెట్టేశాను. పెళ్లికి ముందు చిన్న వాయి ఒకటి వేసి, చెయ్యి పెట్టకుండా ఫోన్‌కే వదిలి చూద్దామని బు సుమినీ కూడా ఒప్పుకుంది.

శుక్రవారం సేనో నుంచి మెసేజ్ వచ్చింది: "అక్కా, మీకు తీరికైతేనే, తొందరేం లేదు, ఒక్కసారి మా ఇంటికి వస్తారా? పెద్ద విషయమేం కాదు." మావాళ్లు ఇలా రాశారంటే కొంప మునిగిందని అర్థం. వెంటనే బండి తీశాను.

గుమ్మంలోనే కంపు ముక్కు బద్దలు కొట్టింది. బు సుమినీ నల్లటి పొట్లం ఒకటి విప్పి పట్టుకుని ఉంది. పక్కనే ఫోన్ మాత్రం ముప్పై ఒక్క డిగ్రీలని చల్లగా చూపిస్తోంది. వైరు ఊడి నేల మీద పడి ఉంది.

"వైరు ఊడితే ఏం చెయ్యమన్నావురా దీన్ని?" అని సేనోను అడిగాను.

సేనో తల దించుకున్నాడు. "అంకె దొరక్కపోతే ఎర్రగా తప్పు చూపిస్తోందక్కా. మీ ముందు బాగోదని... పాత అంకెనే మళ్లీ చూపించమని రాశా."

"ఎప్పుడూడింది?"

"నిన్న మధ్యాహ్నం అనుకుంటానక్కా."

అంటే నిన్నటి నుంచీ ఆ ప్రోగ్రాం అంతా క్షేమమని చెబుతూనే ఉంది. నాకు నవ్వాగలేదు.

"నవ్వకు తల్లీ," అంది బు సుమినీ. "అచ్చం వీడి పోలికే. ఒళ్లు కాలిపోతున్నా బాగానే ఉన్నానమ్మా అంటాడు. ఇంతకీ ఈ కాగితం మీద సంతకం ఎవరిది?"

నాది. ఎర్ర అక్షరాలు లేవని చూశానే గానీ ఎందుకు లేవో అడగలేదు. నిజంగా సిగ్గేసింది.

శనివారమంతా ఇద్దరం కూర్చుని మార్చాం. ఇప్పుడు వైరు ఊడినా, అంకె రాకపోయినా ఫోన్ వీధి అదిరేలా అరుస్తుంది. ఆదివారం పొద్దున బు సుమినీ మంచి బట్ట కట్టుకుని, కత్తీ పీటా చంకన పెట్టుకుని వచ్చింది. మగ్గే గదిలో రెండు వందల పొట్లాలు. ఎదురింటి నుంచి అప్పటికే రెండుసార్లు పిలుపొచ్చింది.

"సరిగ్గా ఉందా తల్లీ? నేను వెళ్లచ్చా?"

'ఉంది పిన్నీ' అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. పెద్దావిడ, పైగా గుమ్మంలో నిలబడి అడుగుతోంది.

"తెలీదు పిన్నీ," అన్నాను. "వైరు సంగతి చూశాం. కరెంటు పోతే ఏమవుతుందో మేం చూడలేదు. ఇంకా ఏం చూడలేదో కూడా నాకు తెలీదు."

ఆవిడ మొహం వాడిపోయింది. కత్తీ పీటా కింద పెట్టింది. "అయితే ఉండిపోతాలే," అంది.

"అమ్మా," అన్నాడు సేనో. చెవులు ఎర్రబడ్డాయి వాడికి. "నువ్వు చెయ్యి పెట్టి చూస్తావు కదా, అదెలాగో నాకు తెలీదు. ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు. నేర్పిస్తే నేనుంటా."

బు సుమినీ కొడుకును ఎగాదిగా చూసింది. వాణ్ని గదిలోకి తీసుకెళ్లి, వాడి అరచేతిని ఒక పొట్లం మీద పెట్టి, పైన తన చెయ్యి ఆనించింది.

"ఇంత వెచ్చనైతే పర్లేదు. ఇంతకంటే కాలితే పొట్లాలు ఎడంగా జరిపి కిటికీ తియ్యి. తెలిసిందా?"

"లేదమ్మా. ఇంకోసారి."

ఆవిడ ఇంకోసారి చూపించింది. తర్వాత మరోసారి. అప్పుడు కత్తీ పీటా తీసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా పెళ్లింటికి వెళ్లిపోయింది.