అంచు మీది పేరు

మా ఇంట్లో నన్ను తుప్పక్క అంటారు. బడిలో లెక్కలు చెప్పి రావడం, రాగానే పాత పతకాలు ముందేసుకుని కూర్చోవడం నా దినచర్య కాబట్టి ఆ పేరు వచ్చింది. అందరూ పోగేసే పతకాల మీద నాకు మోజు లేదు. వంతెన కట్టామనో, గని తెరిచామనో, వరద నుంచి బయటపడ్డామనో ఎవరో కొన్ని పతకాలు అచ్చు వేయించి, పంచేసి, మరిచిపోతారు. ఏ కేటలాగులోనూ వాటి ఊసు ఉండదు. నాకు కావలసినవి అవే. కేటలాగులో లేనివన్నీ మా బీరువాలో ఉన్నాయి, బీరువాలో ఉండాల్సిన బట్టలు మంచం మీదున్నాయి అని మా ఆయన ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతాడు.

ఈ పిచ్చి నాకు అంటుకున్నది మా పిన్ని దగ్గరున్న పతకం వల్ల. మా బాబాయి సొరంగం తవ్వే పనిలో ఉండేవాడు. ఒకరోజు నీళ్ళు లోపలికి విరుచుకుపడ్డాయి. బయటపడ్డవాడు బయటే ఉండిపోకుండా లోపలున్నవాళ్ళ కోసం మళ్ళీ వెళ్ళాడు. ముగ్గురిని పైకి నెట్టాడు, తను రాలేదు. పోయినవాళ్ళ ఇళ్ళకు కంపెనీ తలా ఒక కంచు పతకం పంపింది. ఒకవైపు సొరంగం ముఖద్వారం, రెండోవైపు ‘ధైర్యవంతులకు’ అన్న ఒక్క మాట. పేరు లేదు. అందరికీ ఒకటే అచ్చు గుద్ది చేతులు దులుపుకున్నారు. ప్రాణం ఇచ్చినవాడి పేరు చెక్కించే తీరిక కూడా లేకపోయింది మహానుభావులకు.

పిన్నికి చదువు లేదు. పక్కింటావిడ చేత బాబాయి పేరు నేల మీద రాయించుకుని, ఆ అక్షరాలు మాత్రం దిద్ది దిద్ది నేర్చుకుని, మేకుతో పతకం అంచు మీద గీసింది. ఇప్పటికీ ఆమె రాయగలిగింది ఆ పేరొక్కటే. చూపు మందగించాక కళ్ళు చేసే పని బొటనవేలికి అప్పజెప్పింది. ఎవరితో మాట్లాడుతున్నా ఆ పతకం ఆమె చేతిలో తిరుగుతూనే ఉండేది.

మిగతా ఇళ్ళలో అవి పాత సామానుతో పాటు కరిగిపోయాయి. ఎంత వెతికినా నాకు రెండోది దొరకలేదు. పిన్ని మరుదులకు ఇది వేళాకోళం. అది పతకం కాదు, కోటు బొత్తామనేవాళ్ళు. అన్నయ్య మళ్ళీ లోపలికి వెళ్ళాడన్నది కూడా వదిన అల్లిన కథే అనేవాళ్ళు. ఆ మాట పిన్నికి ముల్లులా గుచ్చుకునేది. తను పోయేలోపు ఆ పతకం పుస్తకంలోకి ఎక్కాలని, అప్పుడు గానీ వాళ్ళ నోళ్ళు మూతపడవని నన్ను పోరేది.

నంబరు లేని పతకానికి నోరుండదని మా సేకరణ వాళ్ళలో ఒక మాట. ఆ నంబరు ఇచ్చేది ఒకే ఒక్క మనిషి, కేటలాగు సంపాదకుడు. ఆయన చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగాను. వచ్చే ముద్రణలో చూద్దామనేవాడు, ఆ ముద్రణ రాగానే ఆ తర్వాతి దాంట్లో చూద్దామనేవాడు. చివరికి ఒప్పుకున్నాడు. ఫొటో తీయడానికి అసలు ముక్కే కావాలన్నాడు. పిన్ని దాన్ని చేతిరుమాలులో మూటకట్టి ఇచ్చింది. ఆయన తెల్లటి చేతితొడుగులు వేసుకుని అందుకున్నాడు. పతకాన్ని తుడవకూడదన్నది మాలో మొదటి నియమం. మెరుగు పెట్టినవాణ్ణి మేం మనిషిగా లెక్కెయ్యం. అందులోనూ ఈయన దుమ్ము పడితే ఊదడానికి కూడా జంకే రకం. అందుకే నిశ్చింతగా ఇచ్చి వచ్చాను.

పుస్తకం వచ్చింది, దాంతోపాటే పతకమూ తిరిగొచ్చింది. ఒక పేజీ నిండా మా పతకం, కింద నంబరు. పతకం మూట విప్పకుండానే రెండూ పట్టుకుని పిన్ని దగ్గరికి పరుగెత్తాను. ఆమె నంబరు మళ్ళీ మళ్ళీ చదివించుకుంది. మరుదులను పిలిపించమంది. తర్వాత పతకం చేతిలోకి తీసుకుని బొటనవేలితో అంచు చుట్టూ తడిమింది. ఇంకోసారి తడిమింది. తిరగేసి మళ్ళీ తడిమింది.

“ఇది ఆయనది కాదే,” అంది. “ఎవరిదో తెచ్చావు.”

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. పతకం అదే. అంచు మాత్రం నున్నగా ఉంది, కొత్త కంచులా పచ్చగా మెరుస్తోంది. ఒక్క అక్షరం లేదు. పుస్తకం మళ్ళీ తెరిస్తే ఆ పేజీ అడుగున ఉంది, ‘నునుపు అంచు, ఏ లోపమూ లేని ప్రతి’ అని. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఫోన్ చేశాను. ఆయన దొరికిపోయినవాడిలా కూడా మాట్లాడలేదు, మేలు చేసినవాడిలా మాట్లాడాడు.

“ఎవరో మేకుతో గోకిన గీతలమ్మా అవి. అలాగే వేస్తే లోపమున్న ముక్క అంటారు. మంచి పనివాడి చేత తీయించాను. మీరు నాకు థాంక్స్ చెప్పాలి.”

అది గీత కాదు, పేరు అన్నాను. పేరు కంపెనీ చెక్కించి ఉంటే వేరే సంగతన్నాడు. నేను అరిచాను, ఆయన ఫోన్ పెట్టేశాడు. దుమ్ము తుడవడమే పాపమనే మనిషి, పేరు తుడిపించి ఊరుకున్నాడు. ఆ రాత్రి కోపం గిన్నెల మీద చూపించాను. మా ఆయన జోకులు మాని తనే గిన్నెలు తోమాడు.

కొన్నాళ్ళకు సంపాదకుడే పిన్ని ఇంటికి వచ్చాడు, పళ్ళ సంచీతో. నేనక్కడే ఉన్నాను. ఆమె ఆరోగ్యం అడిగాడు, ఇంటికి గాలి బాగా వస్తుందన్నాడు. చల్లకొచ్చి ముంత దాచడమెందుకు, పనేమిటో చెప్పమన్నాను. కేటలాగు విడుదల సభలో పతకాన్ని అద్దాల పెట్టెలో పెట్టాలట. లోకంలో మిగిలింది ఇదొక్కటే కాబట్టి సభ అంతా దాని చుట్టూనే జరుగుతుందట.

పిన్ని అంతా విని, దాని కింద ఏం రాసి పెడతారని అడిగింది. నంబరు, లోహం, సంవత్సరం అన్నాడు. మరి ఆయన పేరు అంది. కావాలంటే ఉపన్యాసంలో ఒక మాట అంటానన్నాడు.

పిన్ని నా వైపు తిరిగింది. “తుప్పూ, నీ సంచిలో కంపాస్ ఉంటుంది కదా. ఇటియ్యి.”

ఎందుకో నాకు అర్థమైంది. సేకరించేదాన్ని కదా, వద్దనబోయాను. రెండోది లేదు, మళ్ళీ దొరకదు. కానీ నున్నటి అంచు మీద తిరిగిన ఆమె బొటనవేలు గుర్తొచ్చింది. జామెట్రీ బాక్సు తెరిచి కంపాస్ ఆమె చేతిలో పెట్టాను.

పిన్ని పతకాన్ని ఒళ్ళో పెట్టుకుని ‘ధైర్యవంతులకు’ అన్న మాటను వేలితో వెతికి పట్టుకుంది. దాని కింద ఖాళీ జాగాలో ముల్లు ఆనించి నొక్కింది. కంచు కీచుమంది. సంపాదకుడు కుర్చీలోంచి లేచాడు.

“అమ్మా, ఆగండి. ప్రపంచంలో అదొక్కటే ఉంది.”

“మా ఆయనా ఒక్కడే బాబూ,” అంది పిన్ని తలెత్తకుండా. “అంచున రాస్తే మీ కంటికి ఆనలేదు. అందుకే మొహాన రాస్తున్నా.”

ఆయన ఆపమన్నట్టు నా వైపు చూశాడు. నేను కదల్లేదు. అక్షరాలు వంకరగా వచ్చాయి, ఒకటి పక్కదాని మీదికి ఎక్కింది. అయినా పేరు చదవడానికి ఇబ్బంది లేదు. పిన్ని బొటనవేలితో మొదటి నుంచి చివరిదాకా తడిమి, పతకం ఆయన ముందుకు చాపింది. ఇప్పుడు తీసుకెళ్ళి పెట్టుకోండి అంది.

ఆయన తొడుక్కోవడానికి తీసిన చేతితొడుగులు మళ్ళీ జేబులో కుక్కుకుని వెళ్ళిపోయాడు. పుస్తకంలో ఉన్న పతకం ఇప్పుడు లోకంలో లేదు. పిన్ని చేతిలో ఉన్నది ఏ కేటలాగులోనూ లేదు.