వంతెన పైకి, రాతికట్ట కిందికి

గంటలోగా నన్ను బడి మేడ మీదికి తేకపోతే పంచాయతీ కార్యదర్శి లీలాధరాన్ని ఈడ్చుకెళ్లి తూర్పుపేట గట్టు అంచున కూర్చోబెడతామని రెల్లులంక జనం తేల్చి చెప్పేశారు. ఆ గట్టు పొద్దుటినుంచి ఒక్కో ఇంటినీ మోసుకుని గోదావరిలోకి జారిపోతోంది. ఆ మనిషి ప్రాణం ఇప్పుడు నా చేతుల్లో ఉంది. చిక్కల్లా నాకు చేతులు లేకపోవడమే. నేను ఒక తీర్మానాల పుస్తకాన్ని.

పంచాయతీ ఆఫీసులో, ఇనప బీరువా మధ్య అరలో ఉన్నాను. గదిలో మోకాలు దాటి నీళ్లు. అడుగు అరలోని జనన మరణాల రిజిస్టరు అప్పటికే మునిగిపోయింది. ఇంకో జానెడు పెరిగితే నా వంతు. వీధికి అవతల బడి మేడ. రెండు వందల మంది అక్కడ తలదాచుకున్నారు. వాళ్ల అరుపులు కిటికీలోంచి నాకు స్పష్టంగా వినిపిస్తున్నాయి.

"రాతికట్ట అడగలేదంటారేటండీ? ఊరు ఊరంతా అరిసి మరీ అడిగేం!"

"మీరు అరిచింది నాకు తెలియదండీ. మీ పంచాయతీ పంపిన కాగితం మాత్రమే తెలుసు." ఇది పడవలో వచ్చిన డిప్యూటీ ఇంజనీరమ్మ గొంతు. "అందులో మొదటిది వంతెన, రెండోది ముఖద్వారం, ఆఖరిది రాతికట్ట. వంతెన ఈ పథకంలో పట్టదు. ఆ తర్వాతి పని మంజూరు చేశారు."

ఆ మంజూరైన ముఖద్వారం నిరుడే పూర్తయింది. రేవులో, నీళ్లకేసి తిరిగి, నెత్తిన సర్పంచి సుబ్బారాయుడుగారి తండ్రి పేరు, కింద పెద్ద అక్షరాలతో 'స్వాగతం'.

"గోదారికి సోగతం సెప్పేం గదండీ ప్రెసిడెంటుగారూ, అందుకే లోపలికొచ్చేసింది!" అన్నాడెవడో. నవ్వినవాళ్లూ ఉన్నారు. ఇళ్లు పోతున్నా ఈ లంకవాళ్లు నవ్వు మానరు.

"నా మీద పడతారేటయ్యా!" సుబ్బారాయుడుగారు గొంతు పెంచారు. "నేను సంతకం పెట్టి పెద్దకాలవలో పెళ్లికెళ్లిపోయేను. రాసింది సెక్రటరీ. ఆయన్నడగండి."

అప్పుడు లీలాధరం ఒకే ఒక్క మాట అన్నాడు. "పుస్తకం తెప్పించండి. అందులో ఉంది."

ఔను, నాలోనే ఉంది. ఆ వరస ఎవరు మార్చారో నా ముప్పై ఏడో పేజీకి తెలుసు.

నేను పుట్టింది రాజమండ్రిలో, కోటగుమ్మం దగ్గర ఒక బైండింగు దుకాణంలో. రెండు వందల పేజీలు, మూలలకు ఎర్రగుడ్డ, ప్రతి పేజీకీ నంబరు. చింపితే తెలిసిపోవాలని ఆ నంబర్లు. పడవెక్కి గోదావరి నడుమ ఉన్న ఈ లంకకొచ్చి ఎనిమిదేళ్లయింది. నా మొదటి తీర్మానం బీరువాకు తాళం కొనాలని. రెండోది, తాళంచెవి పోయింది గనక ఆ తాళం పగలగొట్టాలని. మనుషుల పద్ధతి నాకు మొదటి రెండు పేజీల్లోనే అర్థమైపోయింది.

మొదటి కార్యదర్శి నన్ను తలకింద పెట్టుకుని నిద్రపోయేవాడు. రెండో ఆయన నా మీద టిఫిను క్యారేజీ పెట్టేవాడు. పన్నెండో పేజీలో ఇప్పటికీ సాంబారు మరక ఉంది. మూడోవాడు లీలాధరం. లంకలోనే గది అద్దెకు తీసుకున్న మొదటి కార్యదర్శి అతనే. నన్ను తువ్వాలుతో తుడిచి తెరిచేవాడు, గుండ్రంగా రాసేవాడు. ఒక్క అక్షరం కొట్టేసినా, కొట్టేయమన్న మనిషి చేత పక్కన సంతకమో వేలిముద్రో వేయించేవాడు. ఆ అలవాటే ఈరోజు అతన్ని కాపాడాలి.

ఈ లంకలో ఇంకో అలవాటుంది. అవతలి గట్టుకు ఆఖరి పంటు సాయంత్రం నాలుగింటికి. పంటంటే జనాన్నీ బళ్లనీ కలిపి దాటించే పెద్ద బల్లకట్టు. అది పోతే మర్నాటిదాకా దిక్కులేదు. అటు దాటించాల్సిన అరటిగెలలో, చూసుకోవాల్సిన పనో లేనివాళ్లు లంకలో ఉండరు. అందుకని గ్రామసభలో అందరి చూపూ నీళ్ల మీదే. చర్చ పూర్తికాకముందే ఖాళీ పేజీ మీద సంతకాలు పెట్టేసి రేవుకు పరిగెడతారు. రాత తర్వాత. పైనుంచి వచ్చిన ఆఫీసర్లు కూడా ఇదే పద్ధతికి అలవాటుపడ్డారు. ఖాళీ కాగితానికి ఊరంతా సాక్షులు, రాసిన కాగితానికి ఎవరూ ఉండరు.

రెండేళ్ల కిందట మాఘమాసంలో అలాంటి సభే జరిగింది. లంక గ్రామాలకు ప్రభుత్వం ఒక్కో పని ఇస్తుందట, కావలసినవి వరసగా రాసి పంపమంది. ఊరంతా ఒకే గొంతుతో రాతికట్ట అంది. కోత పడుతున్న తూర్పు గట్టుకు నదిలోంచి రాళ్లు పేర్చి కట్టే కట్ట అది. దాని వెనక తూర్పుపేట, నలభై ఇళ్లు. తర్వాత వంతెన, చివర ముఖద్వారం. మూడున్నరకల్లా నా ముప్పై ఏడో పేజీ అడుగున నూట పద్దెనిమిది సంతకాలు, వేలిముద్రలు పడ్డాయి. పైన మాత్రం ఒక్క అక్షరం లేదు.

"నేను తెత్తానండి పుస్తకం."

కిటికీలోంచి వచ్చిన ఆ గొంతు నేనెరిగినదే. నేలపూడి మేరీరత్నం, తూర్పుపేట వార్డు మెంబరు. ఏభై ఎనిమిదేళ్ల మనిషి. పొద్దుట కూలిన మొదటి ఇల్లు ఆవిడదే.

"నువ్వెందుకమ్మా, కుర్రోళ్లెళ్తారు," అన్నారెవరో.

"ఇల్లు పోయినోళ్లు ఖాళీగానే ఉన్నారు గదండి," అంది.

కుర్రాళ్లు పక్కకు జరిగి దారిచ్చారు.

పంటు నడిపే సరంగు నూకరాజు చిన్న దోనెలో ఆవిణ్ని వీధి దాటించాడు. ఆవిడ నీళ్లలోకి దిగి, బీరువా తలుపు రెండుసార్లు లాగి, నన్ను తీసి పమిట కొంగులో చుట్టుకుంది. దోనె మళ్లీ కదిలింది. వీధిలో వరద ఈడ్పుకి అది బడికేసి పోకుండా అరటితోటలవైపు కొట్టుకుపోతుంటే నూకరాజు వెనక నిలబడి గెడ వేస్తూ తిట్టుకుంటున్నాడు. ఆవిడ ముందు కూర్చుంది, అతనికి వీపు చూపిస్తూ.

"గోదారి మాట తప్పింది వదినా. పదకొండేళ్లు తూర్పు తింటే పదకొండేళ్లు పడమర తినాల. మా తాత నాటి లెక్క. తూరుపు పాళీ అయిపోయి రెండేళ్లయింది గదా!"

"నీ లెక్కే నమ్మేను నూకరాజా."

"నువ్వేటి, నేనూ నమ్మేను. పైన ఇసక తోడేత్తంటే ఇంక గోదారికి లెక్కేటి, నా మొహం."

ఆవిడ కొంగు విప్పింది. నన్ను తెరిచింది. చదువు రాని మనిషి, పేజీలు తడుముతూ పోయింది. వెతుకుతున్నది అక్షరాలను కాదు. తన వేలిముద్ర రెండుసార్లు పడ్డ పేజీని.

ఇక దాచి లాభం లేదు. ఆ సాయంత్రం పంటు కూత వినగానే జనం రేవుకు పోయారు. లీలాధరం కూర్చుని, ఊరు చెప్పిన వరసలోనే మూడు పనులూ రాశాడు. అప్పుడు మేరీరత్నం వెనక్కి వచ్చింది.

"సెక్రటరీగారండీ, వంతెన పైన రాయండి."

"సభలో రాతికట్ట అన్నారు కదమ్మా. మీ పేటకే కదా అది."

"నా పేట గనకే సెప్తన్నాను. తూరుపు తినడం అయిపోయింది, నూకరాజు లెక్క సెప్పేడు. ఇంక నాకు వంతెనే కావాల."

లీలాధరం కలం ఆపి ఆవిడ ముఖంలోకి చూశాడు. కారణం అతనికి తెలుసు, నాకూ తెలుసు. అంతకు మూడు నెలల ముందు ఆవిడ భర్త ఏసుపాదాన్ని అరటితోటలో పాము కరిచింది. రేవుకు మోసుకొచ్చారు. పంటు అవతలి గట్టున ఉంది. కేకలు వేశారు, తువ్వాళ్లు ఊపారు. పంటు ఇటు వచ్చేసరికి గంటన్నర పట్టింది. ఏసుపాదానికి అంత వ్యవధి లేదు.

"సరే, వంతెన మొదట, రాతికట్ట రెండు," అన్నాడు లీలాధరం.

"రెండులో వద్దు. పక్కనే సవకది కనబడితే గవర్నమెంటోళ్లు అదిచ్చేసి సేతులు దులిపేసుకుంటారు. దాన్ని అట్టడుక్కి దింపండి. వంతెనొక్కటే కళ్లకి కనబడాల."

తెలివైన ఆలోచనే. అన్నిటికన్నా అవసరమైన దాన్ని అన్నిటికన్నా కింద దాచేసింది, ప్రభుత్వానికి ఆశ పుట్టకుండా. ప్రభుత్వం మాత్రం పైనుంచి కిందికి వేలుపెట్టి చదువుకుంటూ వచ్చి, పథకానికి సరిపోయిన మొదటి దాని దగ్గర ఆగింది. లీలాధరం అంకెలు కొట్టేసి మార్చాడు. అలవాటు ప్రకారం పక్కన ఆవిడ వేలిముద్ర వేయించాడు. మండలానికి పంపిన నకలులో ఆ ముద్ర లేదు. ఉన్నది నాలోనే.

ఇప్పుడు దోనెలో ఆ ముద్ర ఆవిడకు దొరికింది. నన్ను నీళ్లలో పడేస్తుందనుకున్నాను. ఒక్క విసురు చాలు. కానీ నన్ను పడేస్తే అనుమానం తన మీదికే వస్తుందని ఆవిడకు తెలుసు. బొటనవేలు ఎర్రనీళ్లలో ముంచింది. పేజీ అంచున ఆ నీలి ముద్ర మీద పెట్టింది. రుద్దింది. మళ్లీ ముంచి మళ్లీ రుద్దింది. స్టాంపు ప్యాడు సిరాకు నీటి ముందు ఎంత బలం? గీతలన్నీ కలిసిపోయి నీలం మరక మిగిలింది.

"ఏటొదినా సేత్తన్నావ్?"

"తడిసిందేమో సూత్తన్నాను."

ఎనిమిదేళ్లలో నా మీద నిద్రపోయారు, అన్నం తిన్నారు. నోరు మూయించింది మాత్రం ఈవిడే.

మేడ మీద నన్ను బల్ల మీద పెట్టారు. సుబ్బారాయుడుగారు కళ్లజోడు సవరించుకుని, ముప్పై ఏడో పేజీ దగ్గర ఆగి, గట్టిగా చదివారు.

"ఇదిగోనయ్యా. ముందు రాతికట్టే రాసేడు. తరవాత అంకెలు కొట్టేసేడు. పక్కన... ఏటిది? మరక!"

"కొట్టేసిన చోట ముద్ర ఉండాలే, ఎవరిదండీ?" అడిగింది ఇంజనీరమ్మ.

"ముద్ర లేదు, సట్టుబండలు లేవు. సిరా ఒంపేడు."

లీలాధరం వంగి చూశాడు. పేజీ వైపు, పేజీని తెచ్చిన మనిషి వైపు. అతనికి క్షణంలో అర్థమైపోయింది. 

"ముద్ర ఉండేదండీ," అన్నాడు.

"ఎవరిది? సెప్పవయ్యా!"

అతను పెదవులు తడుపుకున్నాడు. "పుస్తకంలో లేనిది నేను చెబితే అది చాడీ అవుతుందండీ. పైగా నమ్మరు."

పరాయి ఊరివాడు, కొట్టేసిన అంకెలు, సిరా మరక. అంతకంటే ఏం కావాలి? నలుగురు అతని చొక్కా పట్టుకున్నారు. ఇంజనీరమ్మ అడ్డం వెళ్లబోతే పక్కకు నెట్టేశారు. సర్పంచిగారు కళ్లజోడు తుడుచుకోవడంలో మునిగిపోయారు.

"పదండ్రా గట్టు మీదకి! ఈయన రాత ఎంత గట్టిదో గోదారే సెప్తాది!"

"బాబూ, నాకు ఈత రాదు," అన్నాడు లీలాధరం. అంతే అన్నాడు. మెట్లవరకు లాక్కుపోయారు.

తూర్పున మళ్లీ పెద్ద చప్పుడు. ఇరవై మూడో ఇల్లో, ఇరవై నాలుగోదో. ఇవాళ నిజం బయటపడ్డా వాటిలో ఒక్కటీ తిరిగి లేవదు. మిగిలిన పదహారూ సాయంత్రానికి పోతాయి. వంతెన రాదు. వచ్చే ఏడు ఇంకో కాగితం వస్తుంది, మళ్లీ ఖాళీ పేజీ మీద సంతకాలు పడతాయి. ఈ మేడ మీద ఇంకా నిలబెట్టుకోగలిగింది ఒక్క మనిషి ప్రాణమే. దానికోసం సాక్ష్యం చెప్పవలసిన నేను, నోటి నిండా మరకతో బల్ల మీద పడి ఉన్నాను.

నేను మేరీరత్నాన్ని చూస్తున్నాను. ఆవిడ లీలాధరం పాదాలవైపు చూస్తోంది. మెట్టు అంచున జారుతున్న పాదాలు.

"ఒగ్గీండ్రా ఆయన్ని."

ఎవరూ వినలేదు. ఆవిడ ఈసారి అరిచింది. ఆ రోజు రేవులో పంటుకోసం ఎంత గట్టిగా అరిచిందో అంత గట్టిగా.

"ఒగ్గీమంటన్నానా! ఆయన తప్పు లేదు. వేలు నాది!"

చొక్కా పట్టుకున్న చేతులు అక్కడే ఆగిపోయాయి. నూకరాజు గోడకు ఆనుకున్నవాడు నిటారుగా నిలబడ్డాడు.

"ఏటొదినా, మతుండే మాటాడతన్నావా?"

"ఆ ముద్ర నాది నూకరాజా. దోనెలో నీ ముందే తుడిసేసేను. ఆరోజు మీరంతా పంటెక్కడానికి పోతే ఎనక్కొచ్చి రాయించింది నేనే." నీలం అంటిన బొటనవేలు పైకెత్తి అందరికీ కనబడేలా పట్టుకుంది. "వంతెన పైకెక్కించి, రాతికట్టని అట్టడుక్కి దింపింది, మీ ఇళ్లు నలభై గోదాట్లో కలిపింది సెక్రటరీ కాదు, ప్రెసిడెంటుగారు కాదు. ఏసుపాదం పెళ్లాం, నేలపూడి మేరీరత్నం."