తుపాను రోజు ఒంటి గీత

నేను ఒక హాజరుపట్టీని. జిల్లా కేంద్రంలోని అచ్చుకొట్టులో గళ్ళు గీయించుకుని, దారంతో కుట్టించుకుని, ఒక జూన్ నెలలో సముద్రానికి దగ్గరున్న చిన్న ఊరి ప్రాథమిక పాఠశాలకు వచ్చాను. ఆ బడికి మాస్టారు ఒక్కరే, తవిటినాయుడు గారు. ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతుల పిల్లలకీ నేనొక్కదాన్నే.

అసూయ నాకు మొదటిరోజే పుట్టింది. ఇనప బీరువాలో ఎర్ర గుడ్డ బైండుతో అడ్మిషన్ రిజిస్టరు ఉండేది. అందులో ముప్ఫై ఏళ్ళుగా చేరిన పిల్లల పేర్లున్నాయి. దాన్ని ముట్టుకునే ముందు మాస్టారు చేతులు పంచెకు తుడుచుకునేవారు. నన్ను పట్టుకుని ఈగలు తోలేవారు, నా మీద టీ గ్లాసు పెట్టేవారు. అది శాశ్వత రికార్డు. నా బతుకు ఒక్క ఏడాది. నాకు ముందున్న పట్టీ బజ్జీల బండి దగ్గర పొట్లాలైపోయిందని పిల్లలు చెప్పుకోగా విన్నాను.

నాకున్న పని ఒకటే. ఉదయం పిల్ల వస్తే పేరు ఎదుట ఒక ఏటవాలు గీత. మధ్యాహ్నం కూడా ఉంటే దానికి అడ్డంగా మరొకటి. రెండూ కలిస్తే ఇంటూ గుర్తు. తక్కిన పుస్తకాల్లో ఇంటూ అంటే తప్పు. నాలో మాత్రం పిల్ల బళ్ళో ఉందని అర్థం. రాకపోతే ‘గై’, అంటే గైర్హాజరు.

నాలో ఇరవై పేర్లుండేవి. పిలిస్తే పలికేవి పదహారే. మిగిలిన నాలుగూ టౌను పిల్లలవి. వాటిని మాస్టారు పిలిచేవారు కాదు, నెలాఖరున ఒకే ఊపులో ఇంటూలు గీసేసేవారు. ఒకసారి పొరపాటున నోరుజారి “లిఖితశ్రీ” అన్నారు.

“కార్లో ఉంది సార్!” అంది వెనక వరసలోంచి ఒక గొంతు. బడంతా నవ్వింది. నవ్వనిది దమయంతి ఒక్కతే.

ఐదో తరగతి దమయంతి, దాలమ్మ కూతురు. నాట్ల రోజుల్లో తల్లితో పొలానికి వెళ్ళేది కాబట్టి దాని వరసలో జులై నిండా ‘గై’లే. లిఖితశ్రీకి జ్వరం రాదు, నాట్లు ఉండవు. అన్నీ ఇంటూలే, అల్లిక కుట్టు వేసినట్టు. నా పేజీలన్నిటిలో అందమైన వరస ఎప్పుడూ రాని పిల్లది. దమయంతి నన్ను మాస్టారి బల్ల మీదికి చేర్చేటప్పుడు ఆ వరస మీద వేలు పెట్టి చూసేది. ఆ వేలి బరువు నాకు తెలుసు. నేను ఎర్ర రిజిస్టరును చూసే చూపూ అంతే బరువు.

జిల్లాకంతా ఒకే ఒక పెద్ద గురుకుల పాఠశాల. ఆరో తరగతికి పరీక్ష పెట్టి తీసుకుంటారు. నాలుగింట మూడొంతుల సీట్లు పల్లె బడుల్లో మూడు, నాలుగు, ఐదు తరగతులు చదివినవాళ్ళకే. ఏప్రిల్లో ఫలితాలొచ్చాయి. పల్లె సీట్లలో ఆఖరిది లిఖితశ్రీకి వచ్చింది. ఆ తర్వాత, వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు దమయంతి. తేడా ఒక్క మార్కు.

దాలమ్మ సోమవారం కలెక్టరాఫీసులో అర్జీ పెట్టింది. వారం తిరక్కుండా మండల విద్యాధికారి కుసుమకుమారి గారు విచారణకు వచ్చారు. మందుల షాపు నడిపే లిఖితశ్రీ తండ్రి కూతుర్ని తీసుకుని కార్లో దిగాడు.

“మా పాప రెండేళ్ళు కోచింగ్‌లో కష్టపడింది మేడమ్. మార్కులు మార్కులే కదా?” అన్నాడు.

“కష్టపడనాదని ఎవులన్నారు బాబూ?” అంది దాలమ్మ. “ఈ బడి మెట్టు ఎక్కినాదా నేదా, అదొక్కటీ సెప్పండి. టౌను సీటుకి టౌనులోనే పోటీ పడొచ్చు కదా!”

లిఖితశ్రీ తల వంచుకుని తన బూట్లనే చూసుకుంటోంది.

మేడమ్ మొదట ఎర్ర రిజిస్టరు తెప్పించారు. అందులో మూడో తరగతిలో చేరిక, తేదీ, సంతకం అన్నీ ముత్యాల్లా ఉన్నాయి. ఎంత హుందాగా అబద్ధం చెప్పింది! తర్వాత నన్ను తిరగేశారు. నా గీతలూ చక్కగానే ఉన్నాయి. మేడమ్ నిట్టూర్చి, “రికార్డు ప్రకారం తప్పేం కనిపించట్లేదమ్మా” అని నన్ను మూయబోయారు.

“తుపాను రోజు సూడండి మేడమ్,” అంది దమయంతి గుమ్మంలోంచి.

“ఏ తుపాను?”

“దసరా సెలవుల తరవాత. ఆయేల గుడ్లు ఉడకబెట్టినారు గానీ తిననీనేదు. గాలి ఎక్కువైపోతంటే గుడ్డు సేతికిచ్చి పొద్దున్నే పంపేసినారు. మద్దేనం బడి నేదు.”

మేడమ్ ఆ పేజీ తీశారు. పదహారు పేర్ల ఎదుట ఒంటి గీత. నాలుగు పేర్ల ఎదుట ఇంటూ.

“మాస్టారూ,” అన్నారు మేడమ్ నెమ్మదిగా, “అంత గాలివానలో ఈ నలుగురే బళ్ళో కూర్చున్నారా?”

తవిటినాయుడు గారు పంచె కొంగుతో కళ్ళజోడు తుడుచుకున్నారు. “పదహారు మందే మేడమ్. ఇరవై లేకపోతే బడిని పక్కూళ్ళో కలిపేస్తారు. నాలుగు పేర్లు అరువు తెచ్చుకున్నాను. వాళ్ళకి పల్లె సర్టిఫికెట్ కావాలి, నాకు బడి కావాలి.” దమయంతి వైపు తిరిగారు. “నీ సీటుకే అడ్డొస్తుందనుకోలేదమ్మా.”

నేను మాత్రం, సిగ్గు విడిచి చెబుతున్నాను, లోలోపల ఎగిరి గంతేశాను. ఎర్ర రిజిస్టరు దాచిన నిజం టీ మరకల పట్టీ చెప్పింది!

సీటు దమయంతికి వచ్చింది. నన్ను గోధుమరంగు కవర్లో పెట్టి, లక్క ముద్ర వేసి, జిల్లా ఆఫీసు రికార్డు గదికి పంపారు. ఇనప బీరువా, తాళం. కోరుకున్నదంతా దొరికింది. లోపల చీకటి. సుద్దముక్క వాసన లేదు, “పెజెంట్ సార్” అనే కేక లేదు.

జూన్ చివర్లో బీరువా తెరుచుకుంది. గుమస్తా నా పక్కన మరో పుస్తకం పెట్టాడు. ఎర్ర గుడ్డ బైండు. “ఆ ఊరి బడి ఎత్తేశారుగా, దీన్నీ ఇక్కడే పడెయ్యి,” అన్నాడెవరో. అంటే నా తర్వాత అక్కడ మరో హాజరుపట్టీ లేదు. అదీ నేనూ భుజాలు రాసుకుంటూ పడున్నాం. దాని మీద నాకిప్పుడు అసూయ లేదు.

ఉన్నదల్లా రెండు పుస్తకాల మీద. ఒకటి గురుకులంలోది. రోజూ పొద్దున్నే దమయంతి గొంతు దానికి వినిపిస్తుంది. జులైలో కూడా ఆ వరసలో ‘గై’ ఉండదు.

రెండోది పక్కూరి బడిది. మా పిల్లలు ఇప్పుడు గెడ్డ నీళ్ళు దాటి అక్కడికి నడుస్తున్నారు. గట్టిగా వాన కురిసిన రోజున వాళ్ళ పేర్ల ఎదుట ఒంటి గీత పడుతోందో, అసలు గీతే పడటం లేదో, దానికి తెలుసు. నాకు తెలియదు.